అలాట్‌మెంట్ ఆర్డర్‌లో లేని లెక్క: ఇంజినీరింగ్ చదివించే ఇంటికి ఖర్చుల పుస్తకం

పోయిన ఏడాది ఆగస్టులో బెళుగుప్ప వైపు నుంచి ఒక రైతు వచ్చి, కొడుకు సీటు అలాట్‌మెంట్ ఆర్డర్ ప్రింటు తీయించుకున్నాడు. కాగితం కౌంటరు మీద పరిచి, ఫీజు గడి మీద వేలు పెట్టాడు. "ఇక్కడ సున్నా ఉండాది గదప్పా. అంటే మేం కట్టేదేం లేదనేనా?"

"ట్యూషన్ ఫీజు వరకు లేదన్నా" అన్నాను.

"దాన్ని మించి ఇంకేముంటాది?"

సొరుగులోంచి మా పాప ఖర్చుల పుస్తకం తీసి ఇచ్చాను. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్. అట్ట మీద స్కెచ్ పెన్నుతో "ఇంజినీరింగ్, 2021" అని ఉంటుంది. మొదటి పేజీ నిలబడే చదివాడు. రెండో పేజీకి వచ్చేసరికి స్టూలు అడిగాడు.

నాకు అనంతపురంలో సప్తగిరి సర్కిల్‌కు దగ్గర్లో చిన్న జిరాక్స్, నెట్ సెంటర్ ఉంది. ఎంసెట్ రోజుల నుంచి, 2021లో అది ఈఏపీసెట్ అయ్యాక కూడా, ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు అప్లికేషన్లు నింపుతున్నాను. ఇన్నేళ్లు ఊరందరి ఫారాలు నింపినవాణ్ణి, సొంత ఇంటి లెక్క మాత్రం తప్పాను. మా పాప కడప దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో 2021లో ఈసీఈలో చేరి 2025లో బయటికొచ్చింది. కన్వీనర్ కోటా సీటు, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చేది. ట్యూషన్ ఫీజు 55,000, అది పూర్తిగా రీయింబర్స్‌మెంట్, అంటే ప్రభుత్వమే కట్టేది. అయినా నాలుగేళ్లలో మా చేతి నుంచి 4,33,600 రూపాయలు పోయాయి. ఇందులో ట్యూషన్ ఫీజు లేదు. హాస్టల్, తిండి ఖర్చుకని వసతి దీవెన కింద ప్రభుత్వం నుంచి వచ్చిన 30,000 తీసేసినా నాలుగు లక్షల పైమాటే.

మీకూ ఇంతే అవుతుందని చెప్పడం లేదు. మీ లెక్క ఎలా వేసుకోవాలో చెబుతాను.

ముందు పుస్తకం గీయండి

ఖర్చు రాసేటప్పుడు అందరూ ఒకే గడి గీస్తారు, ఎంత అని. దాని పక్కన ఇంకో గడి గీయండి, ఏ నెలలో అని. మా జిల్లాలో అసలు ఇబ్బంది ఆ రెండో గడిలోనే ఉంది. బుడ్డలు, అంటే వేరుశనగ, విత్తేది జూన్, జులైలో. అప్పుడు ఇంట్లో ఉన్న డబ్బంతా విత్తనానికి, సేద్యానికి పోతుంది. పంట చేతికొచ్చేది అక్టోబరు, నవంబరులో. సరిగ్గా ఆ మధ్యలో, జులై నుంచి సెప్టెంబరు లోపల, కౌన్సెలింగ్, కాలేజీలో చేరడం, హాస్టల్ మొదటి వాయిదా, పుస్తకాలు అన్నీ వచ్చి పడతాయి. మొత్తం మీద తట్టుకోగలిగిన ఖర్చే, కానీ చేతిలో పైసా లేని నెలలో వస్తుంది కాబట్టి అప్పవుతుంది.

అందుకే మీ పుస్తకంలో పన్నెండు నెలలకు పన్నెండు పేజీలు వదలండి. మీ ఇంటికి డబ్బు వచ్చే నెలలు పచ్చ ఇంకుతో, కాలేజీకి కట్టాల్సిన నెలలు ఎర్ర ఇంకుతో రాయండి. ఎర్ర పేజీకి ముందు పచ్చ పేజీ లేని చోట ఎంత కావాలో, ఆ మొత్తం మాత్రమే ముందుగా కూడబెట్టాల్సింది. మాకు ఆ మొత్తం మొదటి ఏడాది 52,000 తేలింది. నేను ఆ లెక్క వేసింది అక్టోబరులో. వేయాల్సింది మార్చిలో, మామూలుగా ఇంటర్ పరీక్షలు జరిగే రోజుల్లోనే.

కాగితాలు: డబ్బు ఖర్చు కాదు గానీ, లేకపోతే డబ్బు పోతుంది

నా షాపుకు కౌన్సెలింగ్ రోజుల్లో వచ్చేవాళ్లలో సగం మంది టెన్షన్ ర్యాంకు గురించి కాదు, కాగితాల గురించే. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, బియ్యం కార్డు, ఓసీల్లో పేదలైతే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్. వీటన్నిటినీ మే నెలలోనే సచివాలయంలోనో మీసేవలోనో పెట్టేయండి. స్టడీ సర్టిఫికెట్లు స్థానికత కోసం. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు పాత జిల్లాలు ఎస్వీ యూనివర్సిటీ పరిధి కింద లోకల్. లోకల్‌కు 85 శాతం సీట్లు. బెంగళూరులో రెండేళ్లు చదివొచ్చిన పిల్లాడికి ఈ సంగతి కౌన్సెలింగ్ రోజున తెలిస్తే చేసేదేమీ ఉండదు.

రీయింబర్స్‌మెంట్‌కు మా పాప చేరినప్పటి నిబంధనలివి: కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు, మాగాణి 10 ఎకరాల లోపు లేదా మెట్ట 25 ఎకరాల లోపు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు, కారు ఉండకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉంటే ఫర్వాలేదు. కారు దగ్గరే ఎక్కువ మంది దెబ్బతిన్నారు. తమ్ముడికి లోను రాదని అన్న పేరు మీద కారు తీసి ఉంటారు. కారు నడిపేది తమ్ముడు, రీయింబర్స్‌మెంట్ పోయేది అన్న కూతురికి. అది సరిచేసుకోవడానికి సచివాలయం చుట్టూ తిరిగినవాళ్లను చూశాను.

ఇంకోటి, ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ అయిందంటే సరిపోదు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో చెప్పే లింకు, ఏ ఖాతాకు ఉందో అడగండి. రెండు మూడు బ్యాంకుల్లో ఖాతాలున్న ఇళ్లలో డబ్బు మర్చిపోయిన పాత ఖాతాలో పడుతుంది. ఒకావిడ వసతి దీవెన రాలేదని ఏడాది తిరిగి, చివరికి ఉపాధి హామీ కోసం ఎప్పుడో తెరిచిన ఖాతాలో చూసుకుంది.

కాలేజీ ఎంపికలో డబ్బు ఎక్కడ దాక్కుంటుంది

ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. కన్వీనర్ ఫీజు ఒక్కో కాలేజీకి ఒక్కో రకం. దాన్ని రాష్ట్ర ఫీజుల కమిషన్ మూడేళ్లకోసారి ఖరారు చేస్తుంది. నలభై వేల దగ్గర మొదలై లక్ష దాకా పోతుంది. రీయింబర్స్‌మెంట్ ఉన్నవాళ్లు ఈ అంకె చూడనే చూడరు, ప్రభుత్వం కడుతుంది కదా అని. చూడండి. ప్రభుత్వం డబ్బు ఆలస్యమైతే కాలేజీ అడిగేది ఆ అంకెనే.

మేనేజ్‌మెంట్ కోటాకు, కౌన్సెలింగ్ అయిపోయాక మిగిలినవి నింపే స్పాట్ అడ్మిషన్లకు రీయింబర్స్‌మెంట్ లేదు. "స్పాట్‌లో చేరినా తర్వాత ఆన్‌లైన్‌లో ఎక్కిస్తాం" అని చెప్పి చేర్పించుకున్న పీఆర్వో (కాలేజీ తరఫున పిల్లల్ని చేర్పించే మనిషి) ఒకాయన, ఆ పిల్లాడి తండ్రి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఈ పీఆర్వోల సంగతి కొంచెం చెప్పాలి. ఇంటర్ రిజల్ట్స్ రాకముందే ఊళ్లకు వస్తారు. ల్యాప్‌టాప్ ఫ్రీ, బస్సు ఫ్రీ, మొదటి ఏడాది హాస్టల్ సగమే అంటారు. వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో ఆన్‌లైన్‌లో ఎంచుకోవడం) మేమే పెడతాం, ఓటీపీ చెప్పండి అంటారు. ఓటీపీ చెప్పారంటే మీ పిల్లాడికి వచ్చిన ర్యాంకుకు దొరికే మంచి కాలేజీ పోయినట్టే. ఆయన తన కాలేజీ పేరు ఒక్కటే పెట్టి ఫ్రీజ్ చేసేస్తాడు. ఆప్షన్లు మీ ఇంట్లో వాళ్ల చేతే పెట్టించండి. రాకపోతే నాలాంటి షాపుకు రండి, కానీ పక్కనే కూర్చుని స్క్రీన్ చూడండి. ప్రాసెసింగ్ ఫీజు ఓసీ, బీసీలకు 1,200, ఎస్సీ, ఎస్టీలకు 600. షాపువాడికి ఇచ్చేది వేరు.

ఆప్షన్లు పెట్టే ముందు ప్రతి కాలేజీకి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: "ట్యూషన్ ఫీజు కాకుండా మొదటి రోజు ఎంత తేవాలి?" ఆఫీసులో సరిగా చెప్పరు. సెకండియర్ పిల్లల్ని అడిగితే రూపాయితో సహా చెబుతారు. మేం చేరిన రోజు కట్టింది 10,200. అందులో యూనివర్సిటీ రిజిస్ట్రేషన్, లైబ్రరీ, ఐడీ కార్డు, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్, ఇంకా 'ఇతరములు' అని ఒక లైను. ఆ ఇతరములు ఏంటో నాలుగేళ్లైనా తెలియలేదు. రెండో ఏడాది నుంచి ఏటా 6,000 కట్టాం.

ప్రభుత్వ కాలేజీల్లో ఈ బాధ తక్కువ. మన పక్కనే జేఎన్టీయూ అనంతపురం ఉంది, దాని కాలేజీలే పులివెందులలో, కలికిరిలో ఉన్నాయి. ప్రొద్దుటూరులో యోగి వేమన యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. ర్యాంకు దగ్గర్లో ఉంటే, పేరున్న ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) వదిలి వీటిలో ఇంకో బ్రాంచి తీసుకోవచ్చా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. నేనైతే తీసుకోమంటాను, మా పాప ఒప్పుకోదు. ఆమె మాట కూడా రాశాను, న్యాయం కోసం.

పదో తరగతిలో ఉన్న చిన్నవాళ్లు ఉంటే ఇంకో రెండు దారులున్నాయి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతో సీటిచ్చి ఆరేళ్లు అక్కడే ఉంచి చదివిస్తారు. ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం మార్కులు కలుపుతారు. రెండోది పాలిటెక్నిక్. మూడేళ్ల డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే బీటెక్ నేరుగా రెండో ఏడాదిలో. ఇంటర్ కోచింగ్ కోసం కార్పొరేట్ కాలేజీలకు పోసే లక్షలు మిగిలిపోతాయి. ఆ లక్షలు ఎవరూ ఇంజినీరింగ్ ఖర్చులో రాయరు గానీ, రాయాలి.

సర్టిఫికెట్ల ఒరిజినల్స్ కాలేజీకి ఇచ్చేయకండి. వెరిఫికేషన్‌కు చూపించి వెనక్కి తెచ్చుకోండి. టీసీ ఇస్తే రసీదు రాయించుకోండి. ఒరిజినల్స్ పట్టుకుని కూర్చోకూడదని ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) చెబుతోంది. తరగతులు మొదలవకముందే మానేస్తే 1,000 రూపాయలు మించకుండా కోసుకుని మిగతాది తిరిగివ్వాలని కూడా దాని నిబంధన. ఈ మాట ఆఫీసులో అంటే ముఖం అదోలా పెడతారు, అయినా అనండి.

హాస్టలా, రూమా, రోజూ తిరగడమా

మా 4.33 లక్షల్లో సగానికి పైగా, అంటే 2,31,000, తిండికీ ఉండడానికీ పోయింది. పుస్తకంలో చేయి పెట్టి తగ్గించగలిగింది ఇక్కడే.

మొదటి రెండేళ్లు కాలేజీ హాస్టల్. మొదటి ఏడాది 66,000, రెండో ఏడాది 68,000. ఏడాదికి వాయిదాలు రెండు, మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి. హాస్టల్‌లో చేర్చే ముందు మెస్ బిల్లు ఫిక్స్‌డా, డివైడింగా అని అడగండి. డివైడింగ్ అంటే నెలకు అయిన ఖర్చును తిన్నవాళ్ల మీద పంచడం, ఊరికెళ్లిన రోజులకు తగ్గుతుంది. యూనివర్సిటీ హాస్టళ్లలో ఎక్కువగా ఇదే. ఫిక్స్‌డ్ అంటే సంక్రాంతికి పది రోజులు, సెమిస్టరు అయ్యాక ఇరవై రోజులు మీ పాప ఇంట్లో మీ అన్నం తిన్నా, అక్కడా తిన్నట్టే లెక్క. మాది ఫిక్స్‌డ్. రెండేళ్లలో ఇంట్లో ఉన్న రోజులు లెక్కేస్తే 118. ఆ రోజులకు కట్టిన మెస్ డబ్బు తల్చుకుంటే ఇప్పటికీ మా ఆవిడ తిట్టుకుంటుంది.

మూడో ఏడాది ముగ్గురు పిల్లలు కలిసి కడపలో ఒక పోర్షన్ తీసుకున్నారు. ఇంటి ఓనరమ్మ కింద ఉంటుంది, రాత్రి ఎనిమిదికి గేటు తాళం. గ్యాస్ స్టవ్ ఒకరు, కుక్కర్ ఒకరు, మిక్సీ ఒకరు తెచ్చుకున్నారు. బియ్యం మూడు ఇళ్ల నుంచీ వంతుల వారీగా. మేం ఇక్కడ మూట కట్టి ఆర్టీసీ కార్గోలో వేస్తే తాడిపత్రి, ముద్దనూరు మీదుగా అదే రోజు కడప చేరేది. ఇంట్లో పొడులు, ఊరగాయ, ఉగ్గాణికి బొరుగులు కూడా అందులోనే. అన్నం, చారు రూములో వండుకుని, కూర కర్రీ పాయింట్‌లో తెచ్చుకునేవాళ్లు. ముప్పై రూపాయల కూర ముగ్గురికి సరిపోయేదట. ఎలా సరిపోయిందని అడగలేదు. ఆ ఏడాది అద్దె, తిండి, కరెంటు అన్నీ కలిపి మా వంతు 55,000. నాలుగో ఏడాది ఎనిమిది నెలలకు 42,000.

మొదటి ఏడాదే రూము పెట్టమని మాత్రం చెప్పను. పదిహేడేళ్ల పిల్ల కొత్త ఊళ్లో వంట, పాఠాలు రెండూ మోయలేదు. ఒక ఏడాది హాస్టల్, తోడు కుదిరాక రూము. మాకు రెండో ఏడాది హాస్టల్ కూడా అనవసరమే అనిపించింది తర్వాత.

బీసీ, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు జిల్లా కేంద్రాల్లో సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్లు ఉన్నాయి, తిండి, వసతి ఉచితం. పాత బిల్డింగ్ అని ముఖం తిప్పుకోకుండా ఒకసారి వెళ్లి చూసి, అక్కడ ఉన్న పిల్లలతో మాట్లాడి నిర్ణయించుకోండి. ధర్మవరం, గుత్తి నుంచి అనంతపురం వచ్చి చదివేవాళ్లకు రైలు సీజన్ టికెట్ ఉండనే ఉంది. విద్యార్థులకు ఇంకా తగ్గుతుంది. కాలేజీ బస్సు ఇంటి ముందుకు వస్తుంది, నిజమే. కానీ ఏడాది డబ్బు ఒకేసారి ఆగస్టులో అడుగుతుంది.

ల్యాప్‌టాప్, డ్రాఫ్టర్, ఇంకా చిల్లర

ల్యాప్‌టాప్ మొదటి ఏడాది కొనకండి. పాప ఎంత అలిగినా సరే. ఫస్టియర్ సీ ప్రోగ్రామింగ్ కాలేజీ ల్యాబ్‌లో అయిపోతుంది. రెండో ఏడాదికి అవసరం తెలుస్తుంది, అదే డబ్బుకు మెరుగైనదీ వస్తుంది. మేం రెండో ఏడాది దసరా తర్వాత 43,500కు తీసుకున్నాం. ఎస్‌ఎస్‌డీ ఉండాలి, ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుండాలి. ఈ రెండే చూడండి, మిగతా అంకెలన్నీ సేల్స్‌మన్ కోసం.

ఇంజినీరింగ్ గ్రాఫిక్స్‌కు మినీ డ్రాఫ్టర్ (డ్రాయింగ్ షీటు మీద గీతలు గీసే స్కేళ్ల సాధనం) కావాలి. ఒక సెమిస్టరు వాడి అటక మీద పడేసే వస్తువు. ఏ హాస్టల్లో చూసినా సీనియర్ల మంచాల కింద అరడజను ఉంటాయి. మా పాప 150కి కొంది, తర్వాత జూనియర్‌కు 150కే అమ్మింది. నాలుగేళ్లలో నష్టం లేకుండా జరిగిన బేరం అదొక్కటే. క్యాల్కులేటర్ మాత్రం కొత్తది, మంచిది కొనండి, చివరి పరీక్ష దాకా ఉంటుంది. రికార్డులు, అబ్జర్వేషన్ బుక్కులు కాలేజీ స్టోర్‌లోనే కొనమంటారు, తప్పదు. టెక్స్ట్‌బుక్కులు ఒక్కటీ కొనక్కర్లేదు. లైబ్రరీలో బుక్ బ్యాంక్ ఉంటుంది. కాస్త ముందు వెళ్లినవాళ్లకు దొరుకుతాయి.

పరీక్ష ఫీజు చిన్నదే, మాకు ఏడాదికి 2,600 నుంచి 3,000. కానీ నోటీసు బోర్డులో పెట్టి వారం ఇస్తారు. తేదీ దాటితే ఫైన్, ఇంకా దాటితే పెద్ద ఫైన్. ఈ మూడు వేలు ఇంట్లో విడిగా ఒక డబ్బాలో పెట్టండి, పాల డబ్బులకు కూడా ముట్టుకోకూడదు.

రీయింబర్స్‌మెంట్ డబ్బు వస్తుంది, కానీ

మా పాప చదివిన రోజుల్లో ఫీజు డబ్బు మూడు నెలలకోసారి తల్లి ఖాతాలో పడేది. 55,000లో నాలుగో వంతు, 13,750. అది కాలేజీకి మనం కట్టాలి. ఒకసారి శుక్రవారం పడింది. ఆదివారం నా జిరాక్స్ మెషిన్ డ్రమ్ పోయింది. అడ్మిషన్ల సీజన్, షాపు ఆగితే రోజుకు వెయ్యి పోతుంది. ఆ డబ్బుతో డ్రమ్ వేయించాను, వారంలో సర్దుతాలే అనుకుని. సర్దలేదు. సెమిస్టరు పరీక్షల ముందు కాలేజీలో నో డ్యూస్ (బాకీ లేదనే కాగితం) మీద సంతకం పెట్టలేదు, హాల్ టికెట్ ఇచ్చేది లేదన్నారు. పాప ఫోన్‌లో ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. "నాన్నా, డబ్బు పడిందని అమ్మ చెప్పింది కదా" అని మాత్రం అంది. ఆ సాయంత్రమే మూడు రూపాయల వడ్డీకి 13,750 తెచ్చి పంపాను. నెలకు 412 రూపాయల 50 పైసలు, తీర్చేసరికి ఐదు నెలలు. డ్రమ్ ఖరీదు మీద రెండు వేలు అదనం.

2023 చివర్లో తల్లి, విద్యార్థి కలిసి జాయింట్ ఖాతా తెరవమన్నారు. ప్రభుత్వం మారాక నేరుగా కాలేజీ ఖాతాకే వేసే పద్ధతి మళ్లీ వచ్చింది. నాలాంటివాళ్ల చేతికి డబ్బు రాకపోవడం ఒక రకంగా మంచిదే. కానీ ఆలస్యమైనప్పుడు కాలేజీ అడిగేది విద్యార్థినే. అప్పుడు నోటి మాట మీద కట్టకండి. "రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి ఇస్తాం" అని రసీదు మీద రాయించుకోండి. రాయమంటే చాలాసార్లు అడగడమే మానేస్తారు.

హాజరు 75 శాతం లేకపోతే డబ్బు ఆగుతుంది. 65కీ 75కీ మధ్య ఉంటే ఫైన్ కట్టి పరీక్ష రాయొచ్చు, 65 కంటే తగ్గితే డిటైన్, అంటే మళ్లీ అదే చదవాలి. రెండో ఏడాది నుంచి మూడో ఏడాదికి పోవాలంటే క్రెడిట్లలో (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లలో) 40 శాతం రావాలి. డిటైన్ అయితే పోయేది ఒక ఏడాది చదువే కాదు, ఆ ఏడాది హాస్టల్, తిండి, అన్నీ మళ్లీ. మా లెక్కన లక్ష. తప్పిన సబ్జెక్టు మళ్లీ రాసే సప్లీ ఫీజు దీని ముందు ఎంత? మా పాపకు మూడో ఏడాదిలో ఒక సబ్జెక్టు పోయింది, 800 అయింది. నేను ఏమీ అనలేదు, డ్రమ్ సంగతి గుర్తుంది కనుక.

ఆదాయం 2.5 లక్షలు దాటి రీయింబర్స్‌మెంట్ రాని ఇళ్లలో ఆడపిల్లలుంటే ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ చూడండి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే ఏడాదికి 50,000. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. ఫస్టియర్‌లో, లేదా డిప్లొమా తర్వాత రెండో ఏడాదిలో చేరినప్పుడే పెట్టాలి, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. దివ్యాంగులకు ఇలాంటిదే సక్షమ్ అని ఉంది. నా షాపులో దీన్ని అడిగి వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. నేను చెబితే పెట్టినవాళ్లే ఎక్కువ.

అప్పు చేయక తప్పకపోతే

మన ఊళ్లలో మూడు రూపాయల వడ్డీ అంటే మూడే కదా అన్నట్టు వినిపిస్తుంది. లక్షకు ఏడాదికి 36,000. నాలుగేళ్లకు అసలును దాటేస్తుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెడితే రూపాయి లోపు వడ్డీకే వస్తుంది. అంతకన్నా ముందు విద్యా రుణం అడగండి. 4 లక్షల దాకా ఆస్తి తాకట్టు ఉండదు, మన వాటా కింద డబ్బు చూపించక్కర్లేదు. ట్యూషన్ ఫీజుకే కాదు, హాస్టల్‌కు, పుస్తకాలకు, ల్యాప్‌టాప్‌కు కూడా ఇస్తారు. రీయింబర్స్‌మెంట్ ఉన్నవాళ్లకు ఈ సంగతి తెలియక అటు పోరు. చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదాలు కట్టక్కర్లేదు. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, కాలేజీకి న్యాక్ గుర్తింపు గానీ కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు గానీ ఉంటే, ఆ కాలానికి వడ్డీ కేంద్రమే భరించే పథకం ఉంది. అప్లికేషన్ విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టండి. బ్రాంచికి ఊరికే వెళ్లి అడిగితే "మా ఏరియా కాదు" అని పంపేస్తారు. నన్ను ఒక చోట అలాగే పంపేశారు. పోర్టల్‌లో నంబరు వచ్చిన కాగితం పట్టుకుని వెళ్తే కూర్చోమంటారు.

మూడో ఏడాది వేసవి, చివరి నెలలు

ఇంటర్న్‌షిప్ ఇప్పుడు తప్పనిసరి. దాని ఖర్చు ఎవరూ ముందు చెప్పరు. మా పాప బెంగళూరులో రెండు నెలలు ఉంది, పీజీ హాస్టల్, సిటీ బస్సు, తిండి కలిపి 19,000. స్టైపెండ్ సున్నా. అంత పెట్టలేకపోతే దగ్గర్లో ఉన్న పరిశ్రమల్లో అడగొచ్చు, ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరికేవీ ఉన్నాయి. రెండు వేలకు సర్టిఫికెట్ ఇస్తాం, రానక్కర్లేదు అని వాట్సాప్‌లో మెసేజీలు వస్తాయి. నా షాపులో వాటి ప్రింట్లు చాలానే తీశాను. ఇంటర్వ్యూలో "అక్కడ ఏం చేశావు" అని అడిగినప్పుడు ఆ కాగితం మాట్లాడదు. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ పాఠాలు) కోర్సులు ఫ్రీ, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం 1,000. ఆ వెయ్యి పెట్టొచ్చు.

ఫైనలియర్ ప్రాజెక్టుకు మా వంతు 4,500 అయింది, నలుగురు పంచుకున్నారు. హైదరాబాద్‌లో రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్ముతారు, ఇరవై వేలు అంటారు. మా పాప బ్యాచ్ వాళ్లు పొలంలో మోటారును ఫోన్‌తో ఆన్ ఆఫ్ చేసే బోర్డు తామే చేశారు. అది మా బావమరిది తోటలో వారం పనిచేసింది, తర్వాత ఉడత వైరు కొరికింది.

చివరి ఖర్చు సర్టిఫికెట్లది. టీసీ, ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, ఒరిజినల్ డిగ్రీ. మాకు 3,500 అయ్యాయి. వీటి ముందు మళ్లీ నో డ్యూస్. లైబ్రరీలో ఇవ్వని పుస్తకం, ల్యాబ్‌లో పగిలిన మల్టీమీటర్, హాస్టల్ గది తాళం చెవి, అన్నీ ఆ రోజే బయటపడతాయి. కాలేజీ వదిలే ముందే, మే నెలలోనే, ఈ సంతకాలన్నీ చేయించండి. ఉద్యోగం వచ్చి బెంగళూరు పోయాక ఒక్క సంతకం కోసం కడప వెళ్లి రావాలంటే ఒక రోజు జీతం, బస్సు చార్జీ.

బెళుగుప్ప రైతు ఆ రోజు మా పుస్తకంలో మొదటి ఏడాది పేజీలు ఆరు జిరాక్స్ తీయించుకున్నాడు. మొన్న జనవరిలో మళ్లీ వచ్చాడు, కొడుకు హాస్టల్ రెండో వాయిదా ఫోన్‌లో ఎలా కట్టాలో అడగడానికి. జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. పచ్చ ఇంకుతో "నవంబరు, కాయలు, 61,000" అని ఉంది. కింద ఎర్ర ఇంకుతో ఆ రోజు తేదీ రాసి, డబ్బు పోయిందాకా నా పక్కనే నిలబడ్డాడు.